కండ కరిగినా హక్కు కరగదు

భద్రాచలం చివరి ఇళ్లు దాటితే ఎటపాక. మధ్యలో కొండ లేదు, ఏరు లేదు. 2014లో రాష్ట్రం విడిపోయినప్పుడు పడ్డ హద్దు ఒక్కటే ఉంది. కండరాల క్షీణతతో చక్రాల కుర్చీకి పరిమితమైన యువకుడి ఇల్లు ఆ హద్దుకు అవతల, ఆంధ్రప్రదేశ్‌లో ఉంటే నెలకు 15,000 రూపాయల పింఛనుకు అర్హుడు. ఇవతల, తెలంగాణలోని భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో ఉంటే అతనికి వచ్చేది 4,016 రూపాయలు. జబ్బు అదే, మంచం అదే, రాత్రిపూట లేచి అటూ ఇటూ తిప్పి పడుకోబెట్టే తల్లి కష్టమూ అదే.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2024లో వికలాంగుల పింఛనును 6,000కు పెంచింది. పక్షవాతంతో మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవారికి, తీవ్రమైన కండరాల క్షీణత ఉన్నవారికి 15,000 చేసింది. ఆ మరుసటి ఏడాదే పింఛన్ల పునఃపరిశీలన పేరుతో నోటీసులు పంపి ఎంతోమందిని ఆందోళనకు గురిచేసిన మాటా నిజమే. అయినా ఒక పని మాత్రం మంచిది చేసింది. ఈ జబ్బు వేరు, దీని ఖర్చు వేరు అని కాగితం మీద ఒప్పుకుంది. తెలంగాణలో 2023 జూలైలో 3,016 ఉన్న పింఛను 4,016 అయింది. ఆ ఏడాది చివర ఎన్నికల్లో 6,000 ఇస్తామన్న హామీ వచ్చింది, దాన్ని నిలబెట్టుకోమంటూ 2025లో వికలాంగులు రోడ్డెక్కారు. ఆ 6,000 వచ్చినా అసలు లోటు తీరదు. 40 శాతం వైకల్యంతో తన పనులు తాను చేసుకునేవారికీ, నోట్లో ముద్ద కూడా ఇంకొకరు పెట్టాల్సినవారికీ ఒకే మొత్తం ఇవ్వడం సమానత్వం కాదు.

కొత్తగూడెం గురించే ఎందుకు అంటే, ఇది ఒంటి బలం మీద బతికే ఊరు. 1889లో ఇల్లెందులో మొదలైన బొగ్గు తవ్వకం గోదావరి పొడవునా గోదావరిఖని, మందమర్రి, బెల్లంపల్లి దాకా ఊళ్లను కట్టింది. ఆ బొగ్గు తవ్వే సింగరేణి కంపెనీకి ప్రధాన కార్యాలయం ఇక్కడే. తట్ట మోసినవాడు, సమ్మెట ఎత్తినవాడు, ఇప్పుడు యంత్రం నడిపేవాడు, అందరి కూడూ కండ మీదే. తండ్రి మెడికల్ బోర్డుకు వెళ్లి అన్‌ఫిట్ అయితే కొడుక్కి కారుణ్య ఉద్యోగం వస్తుందనేది ఇక్కడి ఇళ్లలో తరాలుగా ఉన్న లెక్క. అలాంటి చోట కొడుకు కండే కరిగిపోతుంటే ఆ ఇల్లు రెండు విధాలా దెబ్బతింటుంది.

పిక్కలు బలంగా ఉన్నాయనుకుంటే

ఈ జబ్బు మొదట్లో జబ్బులా కనిపించదు. మూడు నాలుగేళ్ల పిల్లాడు తోటివాళ్లతో సమానంగా ఉరకలేడు, మెట్లెక్కాలంటే కడ్డీ పట్టుకుంటాడు, తరచూ పడిపోతుంటాడు. పిక్కలు మాత్రం లావుగా, గట్టిగా ఉంటాయి. చూసినవాళ్లు పహిల్వాన్ అవుతాడని మురిసిపోతారు. ఆ లావు బలం కాదు. కరిగిన కండ స్థానంలో కొవ్వు, పీచు చేరడం వల్ల వచ్చిన ఉబ్బు.

ఇంట్లోనే గుర్తుపట్టగల ఆనవాలు ఒకటుంది. పిల్లాణ్ని నేల మీద కూర్చోబెట్టి లేవమనండి. బాగున్న పిల్లాడు చటుక్కున లేస్తాడు. ఈ పిల్లాడు ముందు బోర్లా తిరుగుతాడు. చేతులు, కాళ్లు నేల మీద ఆనిస్తాడు. నడుము పైకెత్తుతాడు. తర్వాత ఒక చెయ్యి మోకాలి మీద పెడతాడు, రెండోది రెండో మోకాలి మీద. అక్కడి నుంచి తొడల మీదుగా చేతులను పైకి జరుపుకుంటూ నిటారుగా నిలబడతాడు. తుంటి, తొడ కండరాలకు సత్తువ చాలక చేతుల సాయం తీసుకుంటున్నాడన్నమాట. 1879లో విలియం గోవర్స్ అనే ఇంగ్లిష్ వైద్యుడు దీన్ని వివరించాడు, ఇప్పటికీ వైద్యులు ఆయన పేరుతోనే పిలుస్తారు. ఈ పరీక్షకు యంత్రం అక్కర్లేదు. అంగన్‌వాడీ టీచరుకు, బడిలో ఆటలు ఆడించే సారుకు ఒక్కసారి చూపిస్తే చాలు, జిల్లాలో ఎన్నో ఇళ్లకు ఏళ్ల తిరుగుడు తప్పుతుంది.

తిరుగుడు అన్నది ఊరికే కాదు. ఈ పిల్లల రక్తపరీక్షలో ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ అనే ఎంజైములు ఎక్కువగా కనిపిస్తాయి. అవి కాలేయం నుంచే కాదు, పాడవుతున్న కండరం నుంచి కూడా వస్తాయి. ఆ సంగతి తట్టకపోతే చీటీ మీద కాలేయం జబ్బు అని పడుతుంది. ఇక మన ప్రాంతంలో కామెర్లు అన్న మాట వినపడితే పసరు మందుకు పరుగే. పథ్యం పెట్టి, ఉప్పూ కారం మాన్పించి, అసలే సత్తువ లేని పిల్లాణ్ని ఇంకా నీరసపరుస్తారు. చెయ్యాల్సింది కండరాల ఎంజైమును కొలిచే సీపీకే పరీక్ష. మామూలుగా రెండు వందల లోపో ఆ చుట్టుపక్కలో ఉండాల్సిన అంకె డూషెన్ అనే రకం ఉన్న పిల్లల్లో వేలల్లో, ఒక్కోసారి పదివేలు దాటి కనిపిస్తుంది. అంత అంకె చూసిన వైద్యుడు జన్యుపరీక్షకు పంపాలి.

కండరాల క్షీణతలో రకాలు చాలా ఉన్నాయి. పిల్లల్లో ఎక్కువగా కనిపించేదీ, తొందరగా ముదిరేదీ డూషెన్. 1860లలో ఫ్రాన్స్‌కు చెందిన డూషెన్ అనే వైద్యుడు వివరించిన జబ్బు ఇది. దాదాపు 3,500 నుంచి 5,000 మంది మగపిల్లల్లో ఒకరికి వస్తుంది. కండర కణాన్ని చిరిగిపోకుండా కాపాడే డిస్ట్రోఫిన్ అనే ప్రొటీన్ తయారుకాకపోవడమే కారణం. ఆ ప్రొటీన్‌ను 1987లో గుర్తించారు. దాని జన్యువు మనిషి జన్యువులన్నిటిలోకీ పెద్దది, 79 ముక్కలుగా ఉంటుంది. అందుకే ఏటా సెప్టెంబరు 7న, అంటే 7-9న, ప్రపంచ డూషెన్ అవగాహన దినం జరుపుతారు. చికిత్స లేకపోతే పన్నెండేళ్లు నిండేసరికి నడక ఆగిపోతుంది. తర్వాత ఊపిరి, గుండె. బెకర్ రకం ఇంత తొందరగా ముదరదు. లింబ్ గర్డిల్ రకాలు ఆడవాళ్లకూ మగవాళ్లకూ వస్తాయి, యవ్వనంలో మొదలై ఉద్యోగం చేస్తున్న మనిషిని మెల్లగా కూలదోస్తాయి.

తల్లిని నిందించకండి

డూషెన్ జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది. తల్లికి జబ్బు లేకుండానే ఆమె నుంచి కొడుక్కి రావచ్చు. ఈ ఒక్క ముక్క తెలిసిన ఇళ్లలో కోడలి బతుకు నరకమవుతుంది. అయితే దాదాపు మూడో వంతు కేసుల్లో తల్లిలో ఆ లోపమే ఉండదు, బిడ్డలోనే కొత్తగా ఏర్పడుతుంది. తల్లిలో ఉన్నా అది ఆమె తప్పు ఎలా అవుతుంది? ఒంటి రంగును, ఎత్తును ఎవరూ ఎంచుకోలేదు, ఇదీ అంతే. అత్తగారు అనాల్సిన మాట "అమ్మా, నువ్వు కూడా పరీక్ష చేయించుకో" అని. అక్కచెల్లెళ్లకు, పిన్నికి, పెద్దమ్మకు కూడా ఆ పరీక్ష అవసరం పడవచ్చు. తర్వాతి కాన్పుకు ముందే సలహా తీసుకునే వీలుంది.

మేనరికాల గురించి కూడా ఉన్నదున్నట్టు చెప్పాలి. డూషెన్‌కు మేనరికం కారణం కాదు. లింబ్ గర్డిల్ రకాల్లో చాలావాటికి మాత్రం తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు లోపాలూ కలిస్తేనే జబ్బు వస్తుంది. దగ్గరి రక్తసంబంధంలో పెళ్లి చేస్తే ఆ కలయికకు అవకాశం పెరుగుతుంది. ఇంట్లో ఒక్కరికి ఈ జబ్బు బయటపడ్డాక కూడా మేనమామకే ఇస్తామంటే, అది తెలిసి చేసే అన్యాయం.

జన్యుపరీక్షకు వెళ్లాల్సింది హైదరాబాదే. అరుదైన వ్యాధుల జాతీయ విధానం 2021 కింద కేంద్రం గుర్తించిన ఉన్నత కేంద్రాల్లో నిమ్స్ ఆస్పత్రితో కలిసి సీడీఎఫ్‌డీ అనే జన్యు పరిశోధన సంస్థ ఒకటి. ఈ విధానంలో 50 లక్షల రూపాయల వరకు చికిత్స సాయం అని రాసుంది. డూషెన్ ఉన్న పిల్లల పేరు నమోదు చేయించుకోవాల్సిందీ అక్కడే. కొత్తగూడెం నుంచి దగ్గర దగ్గర 300 కిలోమీటర్లు. నడవలేని పిల్లాడితో, తోడు మనిషితో, రెండ్రోజుల కూలి పోగొట్టుకుని వెళ్లాలి. రైల్లో తోడు లేకుండా ప్రయాణించలేని వికలాంగులకు స్లీపర్‌లో 75 శాతం రాయితీ ఉంది, తోడు వచ్చేవారికీ అదే వర్తిస్తుంది. ఇది చాలామందికి తెలియదు.

నయం చేసే మందు ఇప్పటికి లేదు. ఆ మాట దాచి, ఆయుర్వేదమనీ స్టెమ్ సెల్స్ అనీ లక్షలు గుంజేవాళ్లున్నారు, జాగ్రత్త. అమెరికాలో 2023లో డూషెన్‌కు ఒక జన్యుచికిత్సకు అనుమతి వచ్చింది. దాని ధర మన ఊహకందదు, పైగా 2025లో కాలేయం దెబ్బతిని కొందరు రోగులు చనిపోవడంతో వాడకానికి ఆంక్షలొచ్చాయి. చేతిలో ఉన్నవి మాత్రం తక్కువవేం కాదు. స్టెరాయిడ్ మందులు నడకను కొన్నేళ్లు నిలబెడతాయి, వాటిని ఉన్నపళాన ఆపకూడదు. రోజూ మడమను సాగదీయించాలి. ఏటా గుండెకు ఎకో తీయించాలి. నడక ఆగాక ఊపిరి పరీక్ష, రాత్రిపూట ఊపిరికి సాయపడే బైపాప్ యంత్రం అవసరమేమో చూడాలి. ఏ ఆపరేషన్‌కైనా ముందు మత్తు డాక్టరుకు జబ్బు పేరు చెప్పి తీరాలి. కొన్ని మత్తుమందులు ఈ పిల్లల ప్రాణం తీస్తాయి. ఇంత శ్రద్ధ తీసుకున్నచోట ఇప్పుడు డూషెన్ పిల్లలు ముప్పై ఏళ్లు కూడా దాటుతున్నారు. అంటే వాళ్లకు చదువు కావాలి, కొలువు కావాలి, బయటికి వచ్చే దారి కావాలి. ఇక్కడి నుంచి పని వైద్యుడిది మాత్రమే కాదు.

చట్టం ఏం చెప్పింది

1995 నాటి వికలాంగుల చట్టంలో ఏడు రకాల వైకల్యాలే ఉండేవి. కండరాల క్షీణత పేరే లేదు. 2016 డిసెంబరులో పార్లమెంటు ఆమోదించి, 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లోకి వచ్చిన వికలాంగుల హక్కుల చట్టం 21 వైకల్యాలను గుర్తించింది. చలన వైకల్యం కింద కండరాల క్షీణతను పేరు పెట్టి రాసింది. వైకల్యం 40 శాతం, ఆపైన ఉంటే ఉన్నత విద్యలో 5 శాతం సీట్లు, ప్రభుత్వ కొలువుల్లో 4 శాతం. ఆ నాలుగులో ఒక శాతం చలన వైకల్యం ఉన్నవారిది, అందులో ఈ జబ్బువాళ్లున్నారు. ఆరు నుంచి పద్దెనిమిదేళ్ల దాకా ఉచిత విద్య. ఇళ్ల కేటాయింపులో, పేదరిక నిర్మూలన పథకాల్లో 5 శాతం. అందరి ముందూ అవమానించాలనే ఉద్దేశంతో దూషిస్తే ఆరు నెలల నుంచి ఐదేళ్ల దాకా జైలు.

సింగరేణికి ఈ చట్టం వర్తించదనే అపోహ కొందరిలో ఉంది. వర్తిస్తుంది. కంపెనీలో 51 శాతం వాటా తెలంగాణది, 49 శాతం కేంద్రానిది. ప్రభుత్వ కంపెనీలన్నీ ఈ చట్టం దృష్టిలో ప్రభుత్వ సంస్థలే. సెక్షన్ 20 ప్రకారం, సర్వీసులో ఉండగా వైకల్యం వచ్చిన ఉద్యోగిని తీసెయ్యకూడదు, హోదా తగ్గించకూడదు. చేస్తున్న పని చెయ్యలేకపోతే అదే జీతంతో వేరే పనికి మార్చాలి. సరిపడే ఖాళీ లేకపోతే అదనపు పోస్టు సృష్టించైనా ఉంచాలి. పని స్వభావాన్ని బట్టి ప్రభుత్వం నోటిఫికేషన్ ఇచ్చి మినహాయించవచ్చు. ఆ నోటిఫికేషన్ ఏదో చూపించమని అడిగే హక్కు కార్మికుడికి ఉంది. ముప్పై అయిదేళ్లకు లింబ్ గర్డిల్ బయటపడ్డ కార్మికుడు గనిలోకి దిగలేకపోవచ్చు. స్టోర్స్‌లో, టైం ఆఫీసులో, ఆస్పత్రి రికార్డుల గదిలో కూర్చుని పని చెయ్యలేడా?

ఇది కోరికల జాబితా కాదు, కోర్టులు తేల్చిన సంగతి. 2025 జనవరిలో సుప్రీంకోర్టు కోల్ ఇండియా కేసులో, ఒకటికి మించి వైకల్యాలున్న అభ్యర్థినికి ఉద్యోగం నిరాకరించడాన్ని తప్పుపట్టి, అదనపు పోస్టు సృష్టించి అస్సాంలోని మార్గరీటా బొగ్గు కార్యాలయంలో బల్ల దగ్గర చేసే పని ఇవ్వమంది. బొగ్గు కంపెనీ అయినంత మాత్రాన ప్రతి కొలువూ గడ్డపార పట్టేదే కాదని దీని అర్థం. అదే ఏడాది ఆగస్టులో, వర్ణాంధత్వం ఉందని ఇంటికి పంపిన మన ఆర్టీసీ డ్రైవర్ కేసులో వేరే పని చూపించాల్సిన బాధ్యత సంస్థదేనని తీర్పు చెప్పింది.

కండరాల క్షీణతకే సంబంధించిన తీర్పులు రెండున్నాయి. 88 శాతం వైకల్యం ఉన్న విద్యార్థికి ఎంబీబీఎస్ సీటు నిరాకరిస్తే, 2024 అక్టోబరులో సుప్రీంకోర్టు అతన్ని చేర్చుకొమ్మంది. శాతం చూసి తలుపు మూయకూడదు, తగిన వసతి కల్పిస్తే చదవగలడా లేదా అన్నదే వైద్య బోర్డు చూడాలంది. 2025 జూలైలో మరో తీర్పు. బెకర్ రకం ఉన్న తమిళనాడు న్యాయవాది ఒకరు జైల్లో సరైన తిండి, వసతి, చికిత్స లేక నరకం చూశారు. ఆ కేసులో, ఆ రాష్ట్ర జైళ్లన్నిటినీ వికలాంగులకు వీలుగా మార్చాలని కోర్టు ఆదేశించింది. జైల్లో ఉన్న మనిషికే ర్యాంపు, మరుగుదొడ్డి హక్కు అయినప్పుడు, బడికి వెళ్లే పిల్లాడికి దయగా ఎలా అవుతుంది?

ముదిరే జబ్బుకు మారని కాగితం

నా దృష్టిలో అన్నిటికన్నా పెద్ద చిక్కు సర్టిఫికెట్ దగ్గరుంది. మన వ్యవస్థ వైకల్యాన్ని ఒకసారి కొలిచి అంకె వేసి వదిలేస్తుంది. ఈ జబ్బు ఆగదు. ఏడేళ్లప్పుడు 40 శాతం రాని పిల్లాడు పదేళ్లకు 60 దాటతాడు, పదిహేనుకు 90. తక్కువ శాతం వచ్చినప్పుడు తిరస్కరించి పంపేస్తే, మళ్లీ ఎప్పుడు రావాలో చెప్పే దిక్కుండదు. ఎక్కువ శాతం వచ్చినవాడికేమో తాత్కాలికం అని రాసి, గడువు తీరగానే మళ్లీ వైకల్య నిర్ధారణ (సదరం) శిబిరానికి రమ్మంటారు. ఈ జబ్బులో శాతం పెరగడమే గానీ తగ్గడం ఉండదు కదా! మంచం మీద ఉన్న మనిషిని చర్ల నుంచో గుండాల నుంచో ఆటోలో ఎత్తుకొచ్చి, సదరం శిబిరం ముందు వరసలో కూర్చోబెట్టడం ఏ పరీక్ష కోసం? 80 శాతం దాటిన కండరాల క్షీణతకు శాశ్వత ధ్రువపత్రం ఇవ్వాలి. కదల్లేనివారి దగ్గరికి వైద్య బృందమే వెళ్లాలి. దీనికి కొత్త చట్టం అక్కర్లేదు, కలెక్టర్ గారు తలచుకుంటే జిల్లా స్థాయిలోనే మొదలుపెట్టవచ్చు. ఇచ్చిన శాతం తప్పనిపిస్తే అప్పీలుకు వెళ్లే హక్కును సెక్షన్ 59 ఇచ్చింది.

ఆ చట్టంలోనే పెద్దగా ఎవరూ పట్టించుకోని మాట ఒకటుంది. ఎక్కువ సాయం అవసరమైనవారికి సంరక్షకుల భత్యం ఇవ్వాలని సెక్షన్ 24 చెబుతోంది. పగలంతా పిల్లాణ్ని కుర్చీలోకీ కుర్చీలోంచీ ఎత్తి, రాత్రి నాలుగైదు సార్లు లేచి పక్క తిప్పే తల్లి ఏ కూలికీ పోలేదు. ముప్పై ఏళ్లకే ఆమె నడుం పోతుంది. పిల్లాడి పింఛనులో ఆమె శ్రమకు చోటే లేదు. తెలంగాణ ప్రభుత్వం ఈ భత్యాన్ని ప్రకటిస్తే, పక్క రాష్ట్రపు 15,000తో పోల్చుకునే పనే తప్పుతుంది.

బడి సంగతీ అంతే. నడక ఆగిన ఏడాదే చాలామంది పిల్లల చదువు ఆగుతుంది. బుర్ర పాదరసంలా పనిచేస్తున్నా, తరగతి పై అంతస్తులో ఉందనో, మరుగుదొడ్డిలోకి కుర్చీ పట్టదనో ఇంట్లో కూర్చోబెడతారు. తరగతిని కింది గదికి మార్చడానికి పైసా ఖర్చు లేదు, హెడ్మాస్టరు ఒక్క మాట చాలు. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం మండలానికొక భవిత కేంద్రం ఉంది, బడికి రాలేని పిల్లలకు ఇంటి దగ్గరే చదువు చెప్పే ఏర్పాటు ఉంది. చెయ్యి నొప్పెట్టే పిల్లాడికి పరీక్షలో రాసిపెట్టే మనిషిని, అదనపు సమయాన్ని అడిగే హక్కుంది. ప్రభుత్వ భవనాలన్నిటికీ వికలాంగుల వసతులు కల్పించేందుకు చట్టం పెట్టిన ఐదేళ్ల గడువు 2022 జూన్‌లోనే ముగిసింది. 2024 నవంబరులో సుప్రీంకోర్టు, ఈ వసతులకు సంబంధించిన నిబంధన ఉత్త సలహాలా ఉందని కొట్టేసి, తప్పనిసరి ప్రమాణాలు తెమ్మని కేంద్రానికి చెప్పింది.

సింగరేణి కూడా ఒక అడుగు ముందుకు వెయ్యొచ్చు. ప్రధాన ఆస్పత్రిలో నెలకొక రోజు ఈ జబ్బువాళ్ల కోసం కేటాయించి, గుండె, ఊపిరి, ఫిజియోథెరపీ మూడూ ఒక్కచోట చూస్తే హైదరాబాద్ ప్రయాణాలు సగానికి సగం తగ్గుతాయి. కాంట్రాక్టు కార్మికుల పిల్లలకూ, చుట్టుపక్కల కోయ పల్లెల పిల్లలకూ ఆ తలుపు తెరవాలి. బొగ్గు ఆ పల్లెల నేల కిందిదే. హిమాచల్ ప్రదేశ్‌లోని సోలన్‌లో ఈ జబ్బు ఉన్నవాళ్లే 1992లో సంఘం పెట్టుకుని, తర్వాత తమకంటూ ఒక వైద్య కేంద్రాన్ని నిలబెట్టుకున్నారు. లాభాల్లో ఉన్న బొగ్గు కంపెనీకి అది మించిన పని కాదు.

ఇక ఈ కథనం చదువుతున్న కుటుంబాలకు ఒక మాట. ఏ ఆఫీసులోనూ నోటి మాటగా అడగకండి. అర్జీ రాసి, సెక్షన్ నంబరు వేసి, ముద్రతో రసీదు తీసుకోండి. సోమవారం కలెక్టరేట్‌లో ప్రజావాణి ఉంటుంది. ప్రతి ప్రభుత్వ సంస్థలోనూ వికలాంగుల ఫిర్యాదులు వినే అధికారి ఉండాలని సెక్షన్ 23 అంటోంది, సింగరేణిలో ఆ అధికారి ఎవరో అడగండి. అక్కడ పని జరగకపోతే రాష్ట్ర వికలాంగుల కమిషనర్‌కు రాయండి, విచారణలో ఆయనకు సివిల్ కోర్టుకుండే అధికారాలున్నాయి. లాయరు ఫీజు గురించి భయపడొద్దు. 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం వికలాంగులకు ఉచితంగా న్యాయవాదిని ఇవ్వాలి. కొత్తగూడెం జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లండి, వెళ్లలేకపోతే 15100కు ఫోన్ చెయ్యండి.